నికర తూకం

మిల్లు గేటు కాడ చినిగిన బస్తాలను
ఎవ్వరూ లెక్కపెట్టరు.
అఖిల నాయిన వాటిని మడతేసి సైకిల్ వెనక కట్టుకొని
మిర్యాలగూడ సగం దాటి
ఈదులగూడెం దాకా తెస్తడు,
తవుడు రాలుకుంట.

మొదట్ల వాటిని కురిసే రేకు మీద పరిచేటోళ్లం.
ఒకనాడు చిలక బొమ్మున్నదాన్ని
పరవబుద్ధి కాలే.
ఆకుపచ్చ రెక్క, ఎర్ర ముక్కు,
ముక్కుల ఒక్క వడ్లకంకి.
పేరు తెలియని ప్రెస్సోడు ఎవడో
ఇరవై ఆరు కిలోల బియ్యం మీద
ఇంత ఓపిక ఎందుకు పెట్టిండో.

చిలక చుట్టూ కత్తిరించి కుట్టిన.
పద్దెనిమిదో నెంబరు సూది,
పోగులు ఊడకుండ అంచుకు ఊదుబత్తి కాక,
లోపల పాత గొడుగు గుడ్డ అస్తరు.
ఎవరి కోసమనీ కాదు.
జాకెట్లు అయిపోయినంక
చేతులు ఊకుండక.

పదమూడు సంచులు
ఏడాదంతా మేకుకు వేలాడినయి.

ఫోటో తీసింది అఖిల.
"నేల మీద కాదమ్మా, కిటికీ కాడ పెట్టు."
పొద్దుగాల ఏడున్నరకు
మా కిటికీల ఎల్తురు ఇరవై నిమిషాలే.
ఆ తర్వాతది పక్కింటి డాబాది.

ఫోన్ల ఖాళీ గడులు నింపుకుంట పోయింది.
పొడుగు, ఎడల్పు చెప్పిన.
దారానికి, జిప్పుకు, పట్టీకి ఎంతైందో చెప్పిన.
"నీ కూలి?"
అక్కడ ఆగిన.
జాకెట్టుకు నూట ఇరవై, ఫాల్‌కు అరవై,
అది గల్లీ చెప్పిన ధర.
ఇది ఊకె కూసొని చేసింది.
ఊకె కూసున్నదానికి ఎంతని రాయాలె?

బువ్వ తినుకుంట, తల ఎత్తకుండ,
అఖిల నాయిన అన్నడు:
"నిండు బస్తాకు రేటున్నది.
సంఘమోళ్లు రాసిండ్రు, మిల్లోడు సంతకం పెట్టిండు.
ఖాళీ బస్తాకు రేటు
ఏ కాయితంల ఉన్నదే?"

చివరికి అఖిలనే రాసింది. రెండు వందల నలభై.
ఎన్ని బస్తాలు ఎత్తితే రెండు వందల నలభయ్యో
ఆయనకు తెలుసు, నాకూ తెలుసు.
ఆ రాత్రి ఇద్దరం ఆ లెక్క పైకి చెప్పలే.

మొదటిది పుణె పోయింది.
రెండోది ఎటు పోయిందో యాదికి లేదు.
మూడోది తిరిగొచ్చింది.
కొన్నామె రాసిన మాట అఖిల చదివింది:
"సంచి బాగుంది. కానీ భుజానికి తగిలించుకుంటే
నడుము మీద నికర తూకం 26 కిలోలు అని కనిపిస్తోంది.
ఇంట్లో అందరూ నవ్వుతున్నారు."
మేమూ నవ్వినం. కండ్లల్ల నీళ్లొచ్చేదాక.
తెల్లారి నుంచి
అక్షరాలను లోపలికి మలిచి కుట్టుడు నేర్చుకున్న.

ఇప్పుడు నెలకు ముప్పై పోతయి, ఒక్కోసారి నలభై.
గ్యాసు బండ వాటిదే, పాలిటెక్నిక్ ఫీజు వాటిదే.
కాకపోతే చిలకను చూస్తే చిలక కనపడ్తలేదు,
రెండు వందల నలభై కనపడ్తున్నది.
కుట్టుకుంట ఏదో ఒకటి గొణిగేదాన్ని,
ఇప్పుడు పిన్‌కోడ్లు గొణుగుతున్న.
ఇది ఎవరికన్న చెప్తే
పైసలొస్తుంటే ఏం రోగమంటరు.
నిజమే కావచ్చు.

తిరిగొచ్చిన సంచి మళ్ల అమ్మలే.
కూరగాయలకు దాంతోనే పోత,
ఇరవై ఆరు కిలోలు బయటికే పెట్టుకొని.

నిన్న ఒకటి కనిపెట్టిన.
ఆయన తెచ్చే బస్తాలకు ఎప్పుడూ కొక్కెం బొక్కలుండేవి,
రెక్కల, కంట్ల, గులాబీ నడిమిట్ల.
తిట్టుకుంట మాసికలేసేదాన్ని.
రెండు నెలల సంది
బొక్కలన్నీ అడుగు మూలలకే ఉన్నయి.

లారీ కాడ, ఎండల,
ఎనకటోడు తొందర పెడ్తుంటే,
చిలక ఎక్కడున్నదో ఎట్ల చూస్తున్నడో.

అడగలే.
అడిగితే
కొక్కెం మొండిబారిందంటడు.